మనోవ్యాధికి మందున్నది: మానసిక వైద్యశాల భయం – మన విద్యార్థులు

తెలుగునాట కొన్ని ఊళ్ల పేర్లు కేవలం ఊళ్ల పేర్లుగా మిగలలేదు. హైదరాబాదు వాసుల మధ్య “ఎర్రగడ్డ” అన్న మాట వినిపించగానే ఎవరో ఒకరు నవ్వుతారు. ఉత్తరాంధ్రలో చినవాల్తేరు, పూర్వపు మద్రాసులో కీల్పాక్ కూడా అటువంటి మాటలే. ఆ మూడు చోట్లా ఉన్నవి ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. గుండెజబ్బుల ఆసుపత్రి పేరును ఎవ్వరూ తిట్టుగా వాడరు. కంటి ఆసుపత్రి పేరు హాస్యానికి పనికిరాదు. మనసుకు చికిత్స చేసే ఆసుపత్రి పేరు మాత్రం తరతరాలుగా వేళాకోళానికి, బెదిరింపుకు, పెళ్లి సంబంధాల దగ్గర గుసగుసలకు పనికివస్తూనే ఉన్నది.

ఆ మాటలు సముద్రాలు దాటి మనతో వచ్చాయి. వర్జీనియా రాష్ట్రంలో, డల్లెస్ విమానాశ్రయానికి చేరువలో, లౌడౌన్ కౌంటీలో ఉన్న ఆష్‌బర్న్ నేడు వేలాది తెలుగు కుటుంబాలకు నిలయం. కంప్యూటర్ రంగ ఉద్యోగాలు, పేరున్న ప్రభుత్వ పాఠశాలలు, వరుసగా నిలిచిన డేటా సెంటర్లు, 2022 నవంబరులో ఊరిదాకా వచ్చిన మెట్రో సిల్వర్ లైను – వలస వచ్చిన కుటుంబం కోరుకునే వసతులన్నీ ఇక్కడ ఉన్నాయి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఎర్రగడ్డను చూసి ఉండరు. అయినా భోజనాల దగ్గర పెద్దలు నవ్వుకుంటూ అనుకునే మాటలు వారి చెవిన పడుతూనే ఉంటాయి. పదిహేడేళ్ల అమ్మాయికో, ఎం.ఎస్. చదవడానికి కొత్తగా వచ్చిన ఇరవై మూడేళ్ల యువకుడికో నిజంగా మనసు చీకటి పడినప్పుడు మొదట గుర్తుకు వచ్చేవి ఆ మాటలే.

అటువంటి విద్యార్థి కౌన్సెలర్ ఎదుట కూర్చుంటాడు. నిద్ర పట్టడం లేదంటాడు, చదువు మీద ధ్యాస నిలవడం లేదంటాడు. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తున్నదన్న ఒక్క మాట మాత్రం చెప్పడు. చెబితే పోలీసులను పిలుస్తారేమో, ఆసుపత్రిలో పెట్టి తాళం వేస్తారేమో, కాలేజీ తీసివేస్తుందేమో, వీసా పోతుందేమో, అమ్మానాన్నలకు తెలుస్తుందేమో – ఇవి అతని భయాలు. వైద్యుడికి చికిత్స చేయడానికి అత్యవసరమైన సమాచారం ఆ చెప్పని మాటలోనే ఉంటుంది. ఈ భయాలలో ఏది ఎంతవరకు నిజమో విడివిడిగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భయానికి చరిత్ర ఉన్నది

మానసిక వైద్యశాల అంటే జనానికి ఉన్న భయం వట్టి అపోహ అని కొట్టివేయడం న్యాయం కాదు. అమెరికాలో కేవలం మానసిక రోగుల కోసం నిర్మించిన మొట్టమొదటి ప్రభుత్వ ఆసుపత్రి 1773లో ఈ వర్జీనియాలోనే, విలియమ్స్‌బర్గ్ పట్టణంలో ప్రారంభమైంది. సరిగ్గా 21 సంవత్సరాల తరువాత, 1794లో, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కాలపు ఆశ్రమం వెలసింది. నేటి కీల్పాక్ ఆసుపత్రికి అదే మూలం. రెండు చోట్లా ఆనాటి వైద్యం చేతిలో మందులు లేవు. గదులు, గొలుసులు, గోడలు ఉండేవి. “మనోవ్యాధికి మందు లేదు” అన్న మన సామెత ఆ కాలానికి అక్షరాలా వర్తించింది.

తరువాతి చరిత్ర కూడా గర్వించదగినది కాదు. మనోవైకల్యం ఉన్నవారికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయడానికి వర్జీనియా 1924లో చట్టం చేసింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2002లో గాని ఆ రాష్ట్ర గవర్నరు క్షమాపణ చెప్పలేదు. 1955 నాటికి అమెరికా రాష్ట్ర ప్రభుత్వాల మానసిక వైద్యశాలలలో సుమారు 5,59,000 మంది రోగులు ఉన్నారు. వారిలో ఎందరో ఏళ్ల తరబడి అక్కడే గడిపినవారు. మన దేశంలో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది రోగులు తప్పించుకోలేక ప్రాణాలు కోల్పోయారు. మన పెద్దల తరం మనసులో ముద్ర పడినవి ఇటువంటి దృశ్యాలే.

మార్పు రెండు దారులలో వచ్చింది. మొదటిది మందులు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్ అనే మందును మానసిక రోగులపై ప్రయోగించి సత్ఫలితాలు సాధించారు. రెండేళ్లలో అది అమెరికాకు వచ్చింది. కుంగుబాటుకు, ఉన్మాద దశలకు, భ్రాంతులకు ఒకదాని వెంట ఒకటిగా ఔషధాలు లభించాయి. రెండవది న్యాయం. తనను తాను పోషించుకోగలిగి, ఎవరికీ ప్రమాదకరం కాని వ్యక్తిని కేవలం జబ్బు ఉన్నదన్న కారణంతో నిర్బంధించరాదని 1975లో అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసు వేసిన వ్యక్తి ఫ్లోరిడా ఆసుపత్రిలో దాదాపు 15 ఏళ్లు గడిపినవాడు. భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమలులోకి వచ్చి, రోగులను గొలుసులతో కట్టడాన్ని, మత్తుమందు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్ని నిషేధించింది.

కనుక మన సామెతకు కాలం చెల్లింది. దానితోపాటు పుట్టిన భయం మాత్రం ఇంకా నిలిచి ఉన్నది.

ఈ వయసులోనే ఎందుకు?

మధుమేహం, రక్తపోటు సాధారణంగా నడివయసులో పలకరిస్తాయి. మానసిక వ్యాధుల తీరు వేరు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మానసిక వ్యాధులలో సగం 14 ఏళ్ల వయసుకే, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపే మొదలవుతాయని 2005లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికా సర్వే తేల్చింది. స్కిజోఫ్రేనియా, బైపోలార్ వ్యాధి వంటివి చాలామందిలో పదహారు నుండి ఇరవై అయిదేళ్ల మధ్య తొలిసారి బయటపడతాయి. ఆవేశాన్ని అదుపు చేసి, రాబోయే ఫలితాన్ని తూచి చూసే మెదడు ముందుభాగం పూర్తి పరిపక్వతకు వచ్చేది కూడా ఇరవై అయిదు ప్రాంతంలోనే.

మన పిల్లల జీవితంలో అత్యంత ఒత్తిడి ఉన్న సంవత్సరాలు కూడా సరిగ్గా ఇవే. మిడిల్ స్కూలులోనే మొదలయ్యే అకాడమీల ప్రవేశ పరీక్షలు, హైస్కూలులో ఏ.పీ. తరగతులు, కళాశాల దరఖాస్తులు, తరువాత తొలిసారిగా ఇల్లు విడిచి హాస్టలులో ఒంటరితనం – అన్నీ ఈ పదేళ్లలోనే. ఇక భారతదేశం నుండి వచ్చిన విద్యార్థికి వీటికి తోడు బ్యాంకు అప్పు, భాష, చలికాలపు చీకటి, వీసా నిబంధనలు. జబ్బు రావడానికి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, మెదడులోని రసాయనిక మార్పులు, బాల్యానుభవాలు, నిద్రలేమి, మాదకద్రవ్యాలు అన్నీ కలిసి పనిచేస్తాయి. మార్కులు తగ్గడాన్ని సోమరితనమని, గదిలో తలుపు వేసుకోవడాన్ని పొగరని భావించే ఇంట్లో మాత్రం జబ్బు చాప కింద నీరులా పెరగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

నోరు విప్పితే ఏమవుతుంది?

“చచ్చిపోవాలనిపిస్తున్నది” అని చెప్పిన ప్రతివారినీ ఆసుపత్రిలో చేర్చరు. ఈ ఒక్క విషయం విద్యార్థులకు తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ఆత్మహత్యా భావనలు కుంగుబాటులో సామాన్యంగా కనిపించే లక్షణం. దగ్గు విన్న వైద్యుడు బెంబేలెత్తనట్లే అనుభవమున్న కౌన్సెలర్ ఈ మాట విని బెంబేలెత్తడు. అతను అడిగేవి కొన్ని ప్రశ్నలు. ఆ ఆలోచన వచ్చి పోతున్నదా, నిలిచి ఉంటున్నదా? ఎలా చేయాలన్న పథకం ఉన్నదా? చేసి తీరాలన్న సంకల్పం ఉన్నదా? ఇదివరలో ప్రయత్నించారా? తోడు ఎవరున్నారు? ఆలోచన మాత్రమే ఉండి, పథకం గాని సంకల్పం గాని లేనివారికి సాధారణంగా బయటనుండే చికిత్స జరుగుతుంది. ఇటువంటి ప్రశ్నలు అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని తల్లిదండ్రులు భయపడుతుంటారు. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు పదే పదే చూపాయి.

ఇంటికీ ఆసుపత్రికీ మధ్య మెట్లు అనేకం ఉన్నాయి. వారానికి ఒకసారి కౌన్సెలింగ్ మొదటి మెట్టు. మందులు తోడుకావడం రెండవది. వారంలో కొన్ని రోజులు, రోజుకు కొన్ని గంటలు జరిగే ముమ్మర చికిత్స మూడవది. పగలంతా చికిత్సాలయంలో గడిపి రాత్రికి ఇంటికి చేరే పాక్షిక ఆసుపత్రి పద్ధతి నాలుగవది. ఆ పైనే ఆసుపత్రి వార్డు. ముందుగా చెప్పుకున్నవాడికి కింది మెట్లు అందుబాటులో ఉంటాయి. దాచి దాచి, చివరి క్షణంలో బయటపడినవాడికి పై మెట్టు తప్ప మిగలదు. ఆసుపత్రి భయంతో నోరు మూసుకున్న విద్యార్థి నిజానికి ఆసుపత్రి వైపే నడుస్తున్నాడు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన “భద్రతా ప్రణాళిక” ఈ కింది మెట్లలో ముఖ్యమైన సాధనం. ఒకే ఒక కాగితం మీద రోగి, చికిత్సకుడు కలిసి రాసుకుంటారు: ప్రమాద సూచనలు ఏవి, మనసు మళ్లించుకోవడానికి తాను చేయగలిగినవి ఏవి, ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఎవరికి ఫోను చేయాలి, ఏ వైద్యుడిని పిలవాలి, ఇంట్లో ప్రమాదకరమైన వస్తువులను ఎలా దూరం చేయాలి. మాజీ సైనికుల ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో ఈ పద్ధతిని, తరువాత ఫోను పలకరింపులను అమలు చేయగా, ఆరు నెలలలో ఆత్మహత్యా ప్రవర్తన దాదాపు సగానికి తగ్గిందని 2018లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

వర్జీనియా చట్టం చెప్పేది

బలవంతంగా ఆసుపత్రిలో చేర్చడానికి వర్జీనియాలో హద్దులున్నాయి. మానసిక వ్యాధి కారణంగా సమీప భవిష్యత్తులో తనకో ఇతరులకో తీవ్రమైన శారీరక హాని చేసే అవకాశం గట్టిగా ఉండాలి, దానికి ఇటీవలి ప్రవర్తన సాక్ష్యంగా కనబడాలి. లేదా తనను తాను కాపాడుకోలేని, కనీసావసరాలు తీర్చుకోలేని స్థితి ఉండాలి. కేవలం విచారంగా ఉండడం, తరగతులు ఎగ్గొట్టడం, ఇంట్లో గొడవ పడడం ఈ కొలతకు సరిపోవు.

దశలు ఇవి. మొదటిది అత్యవసర సంరక్షణ ఉత్తర్వు. దీని గడువు 8 గంటలు. ఈలోగా కౌంటీ మానసిక ఆరోగ్య విభాగానికి చెందిన నిపుణుడు ప్రత్యేకంగా పరీక్షించాలి. అవసరమని తోస్తే మేజిస్ట్రేటు తాత్కాలిక నిర్బంధ ఉత్తర్వు ఇస్తారు. పెద్దలకు దీని గడువు 72 గంటలు. సెలవు దినం అడ్డు వస్తే తరువాతి పనిదినం వరకు సాగుతుంది. పద్దెనిమిది ఏళ్లు నిండనివారికి 96 గంటలు. ఆ గడువులోపల న్యాయాధికారి ఎదుట విచారణ జరగాలి. రోగి తరఫున న్యాయవాది ఉంటారు. స్వచ్ఛందంగా ఉండడానికి ఇష్టపడతారా అని రోగిని అడుగుతారు. నిర్బంధ చికిత్స తప్పదని తేలినా, పెద్దల విషయంలో తొలి ఉత్తర్వు 30 రోజులకు మించదు. ఇతర రాష్ట్రాలలో గడువులు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం చాలావరకు ఇటువంటిదే.

ఈ చట్టం ఇప్పటి రూపానికి రావడం వెనుక రెండు విషాదాలు ఉన్నాయి. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని బలిగొన్న విద్యార్థికి అంతకు ఏడాదిన్నర ముందు న్యాయాధికారి బయటనుండే చికిత్స పొందాలని ఆదేశించారు. ఆ చికిత్స జరిగేలా చూసినవారు లేరు. 2008లో చట్టాన్ని సవరించారు. 2013 నవంబరులో రాష్ట్ర సెనేటర్ క్రీ డీడ్స్ కుమారుడిని, కళాశాల చదువు ఆపి ఇంట్లో ఉన్న యువకుడిని, అత్యవసర ఉత్తర్వు మీద పరీక్షించారు. గడువు ముగిసేలోగా మంచం దొరకలేదని ఇంటికి పంపారు. మరునాటి ఉదయం అతను తండ్రిని తీవ్రంగా గాయపరచి, తన ప్రాణం తీసుకున్నాడు. 2014లో గడువులు పొడిగించారు. ఎక్కడా మంచం దొరకకపోతే ప్రభుత్వ ఆసుపత్రి తప్పక చేర్చుకోవాలని నియమం పెట్టారు. కోలుకున్న డీడ్స్ ప్రతిపాదించిన మరొక చట్టం వల్ల 2018 నుండి రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతుల ఆరోగ్య పాఠాలలో మానసిక ఆరోగ్యం చేరింది. ఆష్‌బర్న్‌లో చదివే మన పిల్లలు ఆ పాఠం వింటున్నారు. ఆసుపత్రిలో చోటు దొరకడమే వరమయ్యే సందర్భాలు కూడా ఉంటాయని ఆ తండ్రి అనుభవం చెబుతున్నది.

పిల్లల సమ్మతి గురించి కూడా తెలుసుకోవాలి. వర్జీనియాలో 14 ఏళ్లు నిండిన వారిని స్వచ్ఛందంగా ఆసుపత్రిలో చేర్చాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతితోపాటు పిల్లల సమ్మతి కూడా కావాలి. వారు కాదన్నప్పుడు తల్లిదండ్రుల కోరికపై పరీక్ష నిమిత్తం ఉంచగలిగేది పరిమిత కాలం మాత్రమే.

వార్డు లోపల

వార్డు తలుపుకు తాళం ఉంటుంది. ఇది నిజం. చేరగానే బెల్టులు, బూట్ల తాళ్లు, ఫోను ఛార్జర్ల వంటివి తీసుకుంటారు. రాత్రీ పగలూ కొద్ది నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు వచ్చి చూసి వెళతారు. తొలిరాత్రి ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. పరిచయం లేని మనుషులు, రుచించని భోజనం, ఏకాంతం లేకపోవడం – వీటిని దాచి చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

మిగిలిన సంగతులు కూడా నిజమే. మానసిక వైద్యుడు తరచుగా, చాలా చోట్ల ప్రతిదినం, వచ్చి మాట్లాడతారు. మందు మొదలుపెట్టి దాని ప్రభావాన్ని దగ్గరుండి గమనిస్తారు. కుంగుబాటు మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇరవై అయిదేళ్లలోపు వారిలో తొలిరోజుల్లో ఆత్మహత్యా భావనలు పెరిగే అవకాశం ఉన్నందున ఈ గమనింపు అవసరం. బృంద చర్చలు, నిద్రవేళల క్రమం, కుటుంబంతో సమావేశం, బయటకు వెళ్లాక ఎవరిని ఎప్పుడు కలవాలన్న ఏర్పాటు – దినచర్య ఇలా సాగుతుంది. ఈ దేశంలో చాలామంది కొద్ది రోజులు, మహా అయితే రెండు వారాలలోపు ఇంటికి చేరతారు. నెలలు, సంవత్సరాలు గడిపే రోజులు సామాన్య రోగులకు ఏనాడో పోయాయి. తెలుగు మాత్రమే వచ్చిన తల్లిదండ్రులు దుబాసీని అడగవచ్చు. శాకాహార భోజనం అడగవచ్చు.

చదువు, వీసా, ఉద్యోగం

కాలేజీ తీసివేస్తుందన్న భయానికి ఒక నిజమైన కథ ఆధారం. 1991లో ఆష్‌బర్న్‌లో శాస్త్ర సాంకేతిక ప్రాంగణాన్ని ప్రారంభించిన జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణం వాషింగ్టన్ నగరంలో ఉన్నది. అక్కడ 2004 శరదృతువులో రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు, మిత్రుడి ఆత్మహత్య తరువాత కుంగుబాటుకు లోనై, తనంతట తానే ఆసుపత్రిలో చేరాడు. అంటే చేయవలసిన పనే చేశాడు. వెంటనే విశ్వవిద్యాలయం అతనికి హాస్టలు ప్రవేశం నిషేధించి, క్రమశిక్షణ చర్యల నోటీసు పంపింది. అతను చదువు మానుకొని, 2005లో దావా వేశాడు. 2006లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. ఈ ఉదంతం దేశమంతా చర్చకు వచ్చింది. ఆత్మహత్యా ప్రయత్నం చేశారన్న, లేదా ఆత్మహత్యా భావనలకు చికిత్స కోరారన్న ఒక్క కారణంతో విద్యార్థులను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు శిక్షించరాదని, తొలగించరాదని 2007లో వర్జీనియా చట్టం చేసింది. అమెరికాలో అటువంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. ప్రైవేటు విశ్వవిద్యాలయాలలోనూ మార్పు వస్తున్నది. విద్యార్థుల దావాల తరువాత స్టాన్‌ఫర్డ్ 2019లో, యేల్ 2023లో తమ సెలవు నిబంధనలను సడలించాయి.

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి వీసా నిబంధనలలోనే వెసులుబాటు ఉన్నది. వైద్యుడు గాని, క్లినికల్ సైకాలజిస్టు గాని ధ్రువపత్రం ఇస్తే, అనారోగ్య కారణంగా తక్కువ తరగతులు తీసుకోవడానికి, అవసరమైతే పూర్తిగా మానడానికి కూడా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయపు అధికారి అనుమతించవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు ఈ సౌకర్యం ఉంటుంది. అయితే అనుమతి ముందుగా పొందాలి. చెప్పకుండా తరగతులు మానివేస్తేనే వీసా స్థితికి ముప్పు. మౌనం వల్ల నష్టం కలిగే మరొక చోటు ఇది. ఇక గ్రీన్‌కార్డు విషయంలో, మానసిక వ్యాధి ఉన్నదన్న నిర్ధారణ ఒక్కటే అనర్హత కాదు. వ్యాధితోపాటు హాని కలిగించే ప్రవర్తన ఉన్నదా, మళ్లీ వచ్చే అవకాశం ఉన్నదా అన్నదే చట్టం చూసేది.

ఉత్తర వర్జీనియాలో కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగాలు అధికం. భద్రతా అనుమతి పత్రంలో మానసిక ఆసుపత్రిలో చేరిక గురించి ప్రశ్న ఉన్న మాట నిజమే. కౌన్సెలింగ్ గాని చికిత్స గాని పొందడం మాత్రమే కారణంగా అనుమతి నిరాకరించరని ఆ పత్రమే చెబుతున్నది. ఖర్చు విషయానికి వస్తే, 2010 నాటి చట్టం ప్రకారం పిల్లలు 26 ఏళ్ల వరకు తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చు. ప్రాణాపాయ స్థితిలో అత్యవసర విభాగానికి వచ్చినవారిని, బీమా ఉన్నా లేకపోయినా, పరీక్షించి స్థిమితపరచవలసిన బాధ్యతను 1986 నాటి చట్టం ఆసుపత్రులపై పెట్టింది.

అమ్మానాన్నలకు తెలుస్తుందా?

పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి వైద్య వివరాలను అతని అనుమతి లేకుండా సామాన్యంగా తల్లిదండ్రులకు చెప్పరు. మినహాయింపు ప్రాణాపాయం. తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి హాని చేసుకునే ప్రమాదం గట్టిగా ఉన్నదని తేలితే, వర్జీనియా ప్రభుత్వ విశ్వవిద్యాలయం వారిలో ఒకరికైనా తెలియజేయాలి. దానివల్ల విద్యార్థికే కీడు జరుగుతుందని వైద్యుడు భావిస్తే మానవచ్చు. ఉమ్మడి బీమాలో ఉన్నవారికి చికిత్స వివరాల ఉత్తరం ఇంటికి వస్తుందన్న చింత కూడా ఉంటుంది. ఆ ఉత్తరాలను వేరే చిరునామాకు పంపమని బీమా సంస్థను కోరవచ్చు.

అయితే చట్టం ఇచ్చే రహస్యం ఒక ఎత్తు, ఇంట్లో ఉండవలసిన నమ్మకం మరొక ఎత్తు. ఈ విషయంలో పెద్దలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎర్రగడ్డ హాస్యాలు మానడం వాటిలో మొదటిది. బిడ్డ నోరు విప్పినప్పుడు “నీకేం తక్కువ చేశాం?” అన్న ప్రశ్న నాలుక చివర నిలిచినా ఆపుకోవడం రెండవది. ఆ ప్రశ్నకు జవాబు లేదు. అది విన్న బిడ్డ మరొకసారి చెప్పడు. “ఎప్పటి నుంచి ఇలా ఉంటున్నది? చచ్చిపోవాలని కూడా అనిపిస్తున్నదా?” అని నెమ్మదిగా, సూటిగా అడగడం మూడవది. ఇక్కడ పుట్టిన పిల్లలకు మనసులోని బాధ చెప్పడానికి తెలుగు మాటలు చాలవు. పెద్దలకు దానిని ఆంగ్లంలో అందుకోవడం కష్టం. కలిసి వైద్యుని దగ్గరకు వెళ్లడం ఆ వంతెన కట్టే పని. ఇంట్లోని మందులను, ఆయుధాలుంటే వాటిని, తాళం వేసి ఉంచడం ఎవరూ చెప్పకుండానే చేయదగినది. ప్రార్థన, ధ్యానం, జాతక శాంతులు మనశ్శాంతినిస్తే చేసుకోవచ్చు. అవి చికిత్సకు తోడుగా ఉండాలి.

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాతి మొదటి వారాలు, నెలలు అత్యంత జాగ్రత్త అవసరమైన కాలమని అనేక దేశాల అధ్యయనాలు చూపుతున్నాయి. తిరిగివచ్చాడు కదా, గండం గడిచింది కదా అని ఊపిరి పీల్చుకునే వేళ అది కాదు. వారంలోపల వైద్యునితో కలయిక ఏర్పాటు చేసుకోవాలి. మందులు తమంతట తాము ఆపరాదు. చదువుకు తొందరపెట్టరాదు. బంధుమిత్రులకు ఏమి చెప్పాలన్నది కోలుకుంటున్న వ్యక్తి నిర్ణయానికి వదలాలి. కాలు విరిగినవాడిని చూడడానికి వచ్చే ఇరుగుపొరుగు ఈ ఇంటికి కూడా ఒక గిన్నెలో పప్పుచారు తీసుకొని రావచ్చు.

అమెరికాలో 2022 జులై 16 నుండి 988 అనే మూడంకెల నంబరు పగలూ రాత్రీ పనిచేస్తున్నది. ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. ఫోనులో దుబాసీని కోరవచ్చు. అత్యధికంగా ఈ పిలుపులు సంభాషణతోనే ముగుస్తాయి. ప్రాణాపాయం తక్షణమని తోచినప్పుడే అత్యవసర సహాయం పంపుతారు. లౌడౌన్ కౌంటీ మానసిక ఆరోగ్య విభాగం కూడా అన్ని వేళలా అత్యవసర సేవలు అందిస్తున్నది. భారతదేశంలో ఉన్న బంధువులకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉన్నది. అందులో తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబర్లను ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద, పిల్లల పరీక్షల తేదీల పక్కనే, రాసి ఉంచడం మంచిది.